సీసం కరిగించడం ఎవరి హక్కు? బొబ్బిలి నుంచి లేవిడి దాకా ఒక గుండు కథ

మీ ఫోన్లో ఈ మధ్య ఒక రకం వీడియోలు వచ్చే ఉంటాయి. అమెరికాలో ఎవరో ఒకాయన ఇంటి వెనక షెడ్డులో బల్ల మీద చిన్న కరెంటు కొలిమి పెట్టుకుంటాడు. చూడ్డానికి మన రైస్ కుక్కర్ అంత ఉంటుంది. అందులో సీసం ముక్కలు వేస్తాడు. కాసేపటికి అది పాదరసంలా మెరుస్తుంది. కింద చిన్న తూము ఉంటుంది, మీట నొక్కితే సీసం సన్నగా అచ్చులోకి దిగుతుంది. అచ్చు విప్పితే తుపాకీ గుండ్లు టపటపా రాలతాయి. ఏ కొలిమి కొనాలి, ఎన్ని కిలోలు పట్టేది కావాలి, వేడిని తనే సర్దుకునేది మంచిదా కాదా, ఇవన్నీ ఆయన తీరిగ్గా చెబుతాడు, మనం మిక్సీ కొనేటప్పుడు మాట్లాడుకున్నట్టు.

అది చూస్తే ఎవరికైనా ఒక ప్రశ్న వస్తుంది. ఇదే పని మన శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఇంట్లో చేయొచ్చా? జవాబు చెప్తాను, ఎపిసోడ్ చివరికి వెళ్లేలోపే చెప్తాను. కానీ ఆ జవాబు వెనక రెండొందల డెబ్భై ఏళ్ల చరిత్ర ఉంది. అదంతా మన ఊళ్లలోనే జరిగింది.

ముందు సీసం గురించి రెండు మాటలు. శ్రీకాకుళం జిల్లాలో బుడితి అనే ఊరుంది, సారవకోట మండలం. అక్కడి ఇత్తడి, కంచు పనికి దేశమంతా పేరు. ఇత్తడి కరగాలంటే దాదాపు 900 డిగ్రీల వేడి కావాలి. కొలిమి కావాలి, గాలి కొట్టాలి, మూస కావాలి, అన్నిటికంటే ముందు పని తెలిసిన చెయ్యి కావాలి. సీసం అలా కాదు. 327 డిగ్రీలకే కరిగిపోతుంది. కట్టెల పొయ్యి చాలు. ఒక ఇనప గరిటె, ఒక అచ్చు ఉంటే పని అయిపోతుంది. మన తీరంలో విసురు వలల అంచుకి కట్టే సీసం గుళ్లు చూడండి. అవి పోసుకోవడానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు.

ఇంకో గుణం బరువు. ఒక ఘన సెంటీమీటరు ఇనుము ఎనిమిది గ్రాములకి కాస్త తక్కువ తూగుతుంది. అంతే సీసం పదకొండు గ్రాములు దాటుతుంది. పైగా మెత్తన, తుపాకీ గొట్టాన్ని గీకదు. అందుకే ఫిరంగి గుండు ఇనుముతో చేసినా, తుపాకీ గుండు మాత్రం సీసంతోనే చేశారు. ఆ రోజుల్లో యూరప్ సైనికుడి తుపాకీ గుండు ఒక్కోటి ఇంచుమించు 30 గ్రాములు. కిలో సీసం ఉంటే ముప్పై పైచిలుకు గుండ్లు. అంటే ముప్పై ప్రాణాలు అనుకోండి.

ఇప్పుడు 1757కి వెళ్దాం. జనవరి 24. బొబ్బిలి.

కథ మీకు తెలుసు. ఎన్టీఆర్ సినిమా చూసి ఉంటారు, లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లు బుర్రకథ గురించి చెప్పి ఉంటారు. ఉత్తర సర్కారులు అప్పటికి ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నాయి. 1753లో నిజాం సలాబత్ జంగ్ వాళ్లకి రాసిచ్చాడు. శిస్తు సరిగ్గా రావడం లేదని ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంతో వచ్చాడు. విజయనగరం పూసపాటి పెద విజయరామరాజు ఆయన పక్కన చేరాడు. బొబ్బిలికీ విజయనగరానికీ పాత పగ. కోట ఖాళీ చేసి వేరేచోట భూమి తీసుకోమన్నారు. బొబ్బిలి రంగారావు ఒప్పుకోలేదు.

ఈ యుద్ధం గురించి ఇంగ్లీషులో మొదట వివరంగా రాసినవాడు రాబర్ట్ ఓర్మ్, ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు. ఆయన రాసినదాని ప్రకారం తెల్లవారుతూనే ఫిరంగులు మొదలయ్యాయి. కొన్ని గంటల్లో గోడ పైభాగాలు పగిలాయి. నిచ్చెనలు వేసుకుని ఎక్కబోయారు. ఒక్కడు కూడా లోపలికి దిగలేకపోయాడు. ఆపారు, మళ్లీ ఫిరంగులు కాల్చారు, మళ్లీ ఎక్కారు. గెలుపు లేదని తెలిశాక కోటలోపల ఆడవాళ్లనీ పిల్లల్నీ సొంతవాళ్లే చంపుకున్నారు. చంపినవాళ్లు తిరిగి గోడల మీదికి చావడానికే వచ్చారు. చివరికి ఒక బురుజు శత్రువు చేతికి చిక్కింది. అక్కడికి పరుగున వస్తున్న రంగారావు తుపాకీ గుండు తగిలి పడిపోయాడు.

తుపాకీ గుండు. మన కథల్లో ఈ మాట దగ్గర ఎవరూ ఆగరు. మూడు రాత్రుల తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరి పొడిచిన కత్తి మాత్రం అందరికీ గుర్తుంది. కత్తికి మొహం ఉంటుంది, చేతికి పేరు ఉంటుంది. సీసం గుండుకి ఏదీ ఉండదు. రంగారావుని ఎవరు కొట్టారో తెలీదు. కొట్టినవాడికి కూడా తెలిసి ఉండకపోవచ్చు. బొబ్బిలి యుద్ధంలో పాత యుద్ధం, కొత్త యుద్ధం రెండూ ఒకే వారంలో కనిపిస్తాయి. కత్తి పగ తీర్చుకుంది, నిజమే. కానీ కోటని తీసుకున్నది ఫిరంగీ, తుపాకీ.

ఇక్కడ ఒక అనుమానం రావాలి మీకు. సీసం అంత తేలిగ్గా కరిగేదైతే, బొబ్బిలివాళ్లు కూడా పోసుకోవచ్చు కదా? తుపాకులు వాళ్ల దగ్గరా ఉన్నాయి కదా? అవును. గుండు పోసుకోవడంలో ఇద్దరికీ తేడా లేదు. తేడా మిగతా అన్నిటిలో ఉంది. గుండు వెనక మందు కావాలి. మందుకి సూరేకారం, గంధకం, బొగ్గు కావాలి. బొగ్గు మన అడవిలో ఉంది. గంధకం లేదు, ఎక్కడి నుంచో ఓడ మీద రావాలి. సీసం కూడా ఓడల్లో వచ్చేది. ఈస్టిండియా కంపెనీ ఇంగ్లండు నుంచి మన దేశానికి తెచ్చి అమ్మిన సరుకుల్లో ఉన్ని బట్ట, రాగితో పాటు సీసం కూడా ఉంది. అంటే పొయ్యి మనదే, గరిటె మనదే. ఓడ మాత్రం వాళ్లది. రేవు ఎవరి చేతిలో ఉంటే చివరికి గుండు వాళ్లదే.

ఇది విజయనగరానికి ముప్పై ఏడేళ్ల తర్వాత అర్థమైంది.

బొబ్బిలి తర్వాత విజయనగరం గద్దెక్కిన ఆనందరాజు ఫ్రెంచివాళ్లని వదిలి ఇంగ్లీషువాళ్లతో కలిశాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్లని ఓడించాడు, ఆనందరాజు ఆయన వైపే ఉన్నాడు. ఇక సర్కారుల్లో కంపెనీదే రాజ్యం. తర్వాతి రాజు చిన విజయరామరాజు. కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ బకాయి పడింది. జమీ వదిలేసి మచిలీపట్నం వెళ్లి పింఛను మీద బతకమన్నారు. ఆయన వెళ్లలేదు. తన మనుషులతో పద్మనాభంలో దిగాడు. 1794 జులై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సైన్యం వచ్చి పడింది. యుద్ధం ఎక్కువసేపు సాగలేదు. రాజూ, ఆయన వెంట ఉన్న రాచవాళ్లలో చాలామందీ అక్కడే చనిపోయారు.

చూడండి, 1757లో విజయనగరం రాజు తుపాకీ ఉన్నవాడి పక్కన నిలబడ్డాడు. 1794లో అదే వంశం రాజు తుపాకీ ఎదురుగా నిలబడ్డాడు. మధ్యలో మారింది ఆయన ధైర్యం కాదు. జీతం తీసుకుని, కవాతు చేసి, లెక్కగా మందూ గుండూ అందుకునే సిపాయి వచ్చాడు. వాడి ముందు ఎవరి పొయ్యి మీద వాళ్లు సీసం పోసుకునే సైన్యం నిలవలేదు.

తర్వాత కంపెనీ మెల్లగా ఒక్కో మెట్టూ బిగించింది. 1802లో శాశ్వత పైకం నిర్ణయించి జమీందారుల్ని శిస్తు కట్టే భూస్వాములుగా మార్చేసింది. సొంత సైన్యాల రోజులు పోయాయి. కొండ దగ్గరి జమీలు అంత తేలిగ్గా లొంగలేదు. పాలకొండలో, పర్లాకిమిడిలో 1830ల్లో గొడవలు ముదిరితే మద్రాసు నుంచి జార్జి రస్సెల్‌ని ప్రత్యేక కమిషనరుగా పంపారు. పాలకొండ జమీని లాగేసుకున్నారు. 1839లో ఒక చట్టం చేసి, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టరుకే ఏజెంటుగా అప్పజెప్పారు. మనం ఇవాళ్టికీ 'ఏజెన్సీ' అంటున్నామే, ఆ మాట అక్కడి నుంచి వచ్చిందే.

ఇక అసలు మలుపు. 1857 తిరుగుబాటు మొదలైంది తూటా దగ్గరే అని స్కూల్లో చదువుకున్నారు, కొవ్వు పూసిన ఎన్‌ఫీల్డ్ తూటా. ఆ తిరుగుబాటు తర్వాత ప్రభుత్వానికి ఒకటే దిగులు, జనం చేతిలో ఆయుధం ఉండకూడదు. 1878లో వైస్రాయి లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. అదే ఏడాది దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం కూడా తెచ్చాడు. రెండూ కవల పిల్లలు. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదు, మందుగుండు చేయకూడదు. యూరోపియన్లకి మాత్రం ఆ చట్టం కింద మినహాయింపులు ఇచ్చారు.

ఆ చట్టంలో ఒక చిన్న ముక్క ఉంది. నాకు ఈ కథ మొత్తంలో అది చాలా ఆసక్తిగా అనిపించింది. 'మందుగుండు' అంటే ఏమిటో నిర్వచనం రాస్తూ, అందులో సీసం, గంధకం, సూరేకారం చేరవు అన్నారు. ఎందుకు? వలలకి సీసం కావాలి, వైద్యుడికి గంధకం కావాలి, బాణసంచాకి సూరేకారం కావాలి. ఇంటింటా ఉండే సరుకుని నేరం చేస్తే జైళ్లు చాలవు. కానీ ఇంకో క్లాజులో, అవసరమైన చోట అవసరమైనప్పుడు నోటిఫికేషన్ ఇచ్చి ఈ మూడింటినీ కూడా చట్టం కిందికి తెచ్చుకునే వీలు దాచుకున్నారు. మీ పొయ్యి మీద సీసం మీ ఇష్టం, మేం అనుకునేంతవరకే. వలస పాలన ఎలా ఆలోచిస్తుందో ఆ రెండు క్లాజులు చదివితే చాలు.

అదే కాలంలో చట్టం కంటే పెద్ద మార్పు ఇంకోటి జరిగింది. గుండు తీరే మారిపోయింది. అంతకుముందు మందు విడిగా, గుండు విడిగా గొట్టంలో దట్టించేవారు. ఇప్పుడు ఇత్తడి గొట్టంలో మందు, అడుగున నిప్పు పుట్టించే టోపీ, కొసన గుండు, అన్నీ కలిపి ఒకే తూటా అయింది. 1869లో పూణే దగ్గర ఖడ్కీలో మందుగుండు ఫ్యాక్టరీ పెట్టారు. అంతకుముందు సీసం ఒక్కటే సులువు, మిగతాది కష్టం. ఇప్పుడు సీసం సులువుగా దొరికినా పనికిరాదు, తూటా మొత్తం ఫ్యాక్టరీలో పుట్టాలి. ఇంటి పొయ్యికీ యుద్ధానికీ ఉన్న బంధం తెగిపోయింది.

దానికి సాక్ష్యం అల్లూరి సీతారామరాజు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు పోలీస్ స్టేషన్లు. ఆయన అక్కడికి డబ్బు కోసం వెళ్లలేదు, పగ కోసమూ వెళ్లలేదు. తుపాకులూ తూటాల కోసం వెళ్లాడు. మూడింటిలో కలిపి 26 తుపాకులు, 2,500 పైగా తూటాలు దొరికాయి. మన్యంలో విల్లు చేసేవాడున్నాడు, బాణం చేసేవాడున్నాడు. సీసం కరిగించడం ఎవరికీ కష్టం కాదు. కానీ పోలీసు తుపాకీకి పోలీసు తూటానే కావాలి. శత్రువు మీద పోరాడటానికి శత్రువు గదిలోంచే సరుకు తెచ్చుకోవాల్సిన పరిస్థితి. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. ఆ పోరాటం 1924 మే దాకా సాగింది. లోపల ఎంత కోపం ఉన్నా, ఇంట్లో తయారు చేసుకోలేని తూటా ఒక లెక్క ప్రకారం అయిపోతూ ఉంటుంది.

స్వాతంత్ర్యం వచ్చింది. 1959లో మన పార్లమెంటు కొత్త ఆయుధాల చట్టం చేసింది. తెల్లవాడికి ఒక న్యాయం, మనకొక న్యాయం అన్నది పోయింది. కానీ లైసెన్సు మిగిలింది. లైసెన్సు ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు అన్న ప్రశ్న కూడా మిగిలింది.

1967 అక్టోబరు 31. పార్వతీపురం ఏజెన్సీలో లేవిడి. మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకి వెళ్తున్న జనం మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. కేసు నడిచింది. మరుసటి ఏడు కోర్టు నిందితుల్ని వదిలేసింది. శ్రీకాకుళం సాయుధ పోరాటం గురించి ఎవరు రాసినా ఈ రోజు దగ్గర ఆగుతారు. అప్పటిదాకా కూలి రేట్లూ, పోడు భూమీ, అటవీ అధికారుల వేధింపులూ అని సాగిన ఉద్యమం తర్వాత తుపాకీ దారి పట్టింది. ఆ పోరాటానికి నాయకులైన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం, ఇద్దరూ బడి పంతుళ్లే, 1970 జులై 10న పోలీసు కాల్పుల్లో చనిపోయారు.

జులై 10. పద్మనాభం యుద్ధం తారీఖు కూడా అదే. యాదృచ్ఛికమే, అందులో మర్మం ఏమీ వెతకక్కర్లేదు. కానీ 176 ఏళ్ల తేడాతో ఒకే తారీఖున, రాజు ఒకసారి, పంతుళ్లు ఒకసారి, ఒకే రకం బలం ముందు పడిపోయారు. పోరాటం సరైనదా కాదా అని మీరు మీ ఇంట్లో వాదించుకోండి, ఇప్పటికీ రెండు వైపులా మనుషులున్నారు. నేను చెప్పేది ఇంతే. తుపాకీ కొందరి చేతిలోనే ఉన్నప్పుడు, కోర్టు కూడా వాళ్లనే వదిలేసినప్పుడు, మిగతావాళ్లు కూడా తుపాకీ వైపే చూస్తారు. లేవిడిలో ఇద్దరికి న్యాయం జరిగి ఉంటే, ఆ తర్వాత ఎన్ని ప్రాణాలు మిగిలేవో ఎవరూ లెక్క కట్టలేరు.

సరే, ఇప్పుడు మొదటి ప్రశ్నకి జవాబు. మన దేశంలో ఇంట్లో తుపాకీ గుండ్లు పోసుకోవచ్చా? కుదరదు. 1959 చట్టంలో మందుగుండు అంటే పూర్తి తూటా ఒక్కటే కాదు. దాని భాగాలు, దాన్ని తయారు చేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. లైసెన్సు లేకుండా తయారు చేస్తే, 2019లో చేసిన సవరణ తర్వాత, తక్కువలో తక్కువ ఏడేళ్ల జైలు. యావజ్జీవం దాకా పోవచ్చు. అమెరికాలో షెడ్డులో అది సరదా. ఇక్కడ అది బతుకు నాశనం. ఆన్‌లైన్లో దొరుకుతోంది కదా, ఆర్డర్ పెట్టేద్దాం అనుకునే తమ్ముళ్లకి గట్టిగా చెప్తున్నా, ఆ ఆలోచన ఇక్కడితో వదిలేయండి.

ఇంకో మాట, చట్టంతో పనిలేని మాట. మన ఇళ్లలో సీసం ఇంకా కరుగుతూనే ఉంది. వలల గుళ్ల కోసం కరుగుతుంది. పాత ఇన్వర్టర్ బ్యాటరీలు, ఆటో బ్యాటరీలు పగలగొట్టి కరిగించే చోట్లున్నాయి. మనం 'చెవుల్లో సీసం పోసినట్టు' అంటాం, వినలేని మాట విన్నప్పుడు. నిజానికి సీసం చెవుల్లోంచి రాదు. పైన తేలే మడ్డి ఆరితే పొడి అవుతుంది. ఆ పొడి చేతికి అంటుతుంది, చేతి నుంచి ముద్దలోకి పోతుంది, ముద్ద నుంచి ఒంట్లోకి పోతుంది. వేడి ఎక్కువైతే ఆవిరి కూడా వస్తుంది. చిన్నపిల్లల మెదడు మీద అది చేసే దెబ్బ మళ్లీ బాగుపడేది కాదు. ఇంత వరకు పరవాలేదు అని చెప్పే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో, అంటే దాదాపు 80 కోట్ల మందిలో, ఉండకూడనంత సీసం ఉందని 2020లో యూనిసెఫ్ నివేదిక చెప్పింది.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా వల కోసం సీసం కరిగిస్తుంటే నాలుగు పనులు చేయించండి. వంట పొయ్యి మీద వద్దు, వంట గరిటెతో అసలే వద్దు. ఆరుబయట, పిల్లలకి దూరంగా. తడి ముక్క కరిగిన సీసంలో పడకూడదు, పడితే నీళ్లు ఒక్కసారిగా ఆవిరై సీసం మొహం మీదికి చిమ్ముతుంది. పని అయ్యాక చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకునే అన్నం ముట్టుకోవాలి. పాత బ్యాటరీ అయితే ఇంట్లో విప్పొద్దు, కొత్తది కొనేటప్పుడు షాపులో ఇచ్చేయండి.

బొబ్బిలి వెళ్తే అక్కడ యుద్ధ స్తంభం ఉంది. పద్మనాభంలో కొండ మీద గుడి ఉంది, కింద ఆ పొలాలున్నాయి. లేవిడి ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. మూడూ ఒక్కరోజులో బైకు మీద చుట్టి రావచ్చు. దారిలో ఒక్కటి ఆలోచించండి. ఈ మూడు చోట్లా గెలుపోటములు తేల్చింది సీసం ఎవరికి కరిగించడం వచ్చు అన్నది కాదు, అది అందరికీ వచ్చు. సరుకు ఎవరి రేవులో దిగింది, లైసెన్సు ఎవరి పేరున రాశారు, కోర్టు ఎవరి మాట విన్నది, అవి తేల్చాయి. ఇప్పుడు మీ ఊళ్లో భూమి గొడవో, బకాయి గొడవో వస్తే, గుండు గురించి కాదు, ఆ మూడింటి గురించి అడగడం నేర్చుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో చందుర్తి యుద్ధం గురించి, ఆనందరాజు ఎందుకు అటు మొగ్గాడన్నదాని గురించి మాట్లాడుకుందాం. అందాకా సెలవు. నమస్తే.